పొద్దున్నే గైడ్‌తో చార్మినార్ చుట్టూ నడవడం ఎలా?

మా ఇంటికి ఖమ్మం నుంచో గుంటూరు నుంచో చుట్టాలు వచ్చిన ప్రతిసారీ పాతబస్తీ చూపించే పని నాదే. ఇష్టంగానే చేస్తాను. బాధ కలిగేది సొంతంగా వెళ్లి వచ్చినవాళ్ల మాట విన్నప్పుడు. మిట్టమధ్యాహ్నం క్యాబ్‌లో చార్మినార్ ముందు దిగుతారు. ఎండలో, హారన్ల మధ్య నాలుగు ఫొటోలు తీసుకుంటారు. ఎవరో తీసుకెళితే ముత్యాల దుకాణంలో గంటన్నర కూర్చుంటారు. సాయంత్రం ఇంటికొచ్చి "ఏముందక్కడ, అంతా గోల" అంటారు. నాలుగు వందల ఏళ్ల వీధిని అలా చూస్తే గోలే మిగులుతుంది. అదే వీధిని పొద్దున మూడు గంటలు, తెలిసిన గైడ్‌తో, కాలినడకన చూడండి. ఎలాగో చెబుతాను.

రోజు, వేళ

మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకటి ఎంచుకోండి. ఆదివారం పొద్దున చార్మినార్ చుట్టూ కెమెరాల వాళ్లు, పెళ్లి ఫొటోల వాళ్లు నిండిపోతారు. శుక్రవారం మక్కా మసీదులో జుమ్మా నమాజు ఏర్పాట్లు ఉంటాయి, పైగా చౌమహల్లా ప్యాలెస్‌కు ఆ రోజు సెలవు. రంజాన్ నెలలో బజార్లు తెల్లవారుజాము దాకా నడుస్తాయి కాబట్టి పొద్దున వీధి అలసిపోయి ఉంటుంది. ఆ నెలలో రాత్రి పూటే వెళ్లాలి.

సూర్యోదయం అయిన పావుగంటలోపు నడక మొదలవ్వాలి. జనవరిలో అయితే ఏడు గంటలకు, మే నెలలో అయితే ఆరు లోపే. తొమ్మిదిన్నరకు ముగించాలి. చార్మినార్ పైకి ఎక్కే టికెట్ కౌంటర్ తొమ్మిది దాటాకే తెరుస్తారు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ పదింటికి గానీ తెరుచుకోవు. పొద్దున నడకకు ఇవేవీ అక్కర్లేదు. ఇది వీధిని చూసే నడక. గోల్కొండను కూడా అదే పూట కలిపేయాలని మాత్రం చూడకండి. ఒక్క పూటలో ఏడు చోట్లు చూపిస్తామనే ప్యాకేజీల్లో మీరు ఎక్కువసేపు చూసేది ముందు సీటు వీపునే.

వెంట ఏముండాలి

అలవాటైన చెప్పులు, నీళ్ల సీసా, పది, ఇరవై రూపాయల నోట్లు కొన్ని. మక్కా మసీదులోకి వెళ్తారు కాబట్టి మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు వేసుకోండి. ఆడవాళ్లు చున్నీ తెచ్చుకోవాలి. షార్ట్స్ వేసుకుని వచ్చి గేటు దగ్గర ఆగిపోయిన పిల్లలను ఎందరినో చూశాను.

మెట్రోలో వస్తే ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కి "మదీనా చౌరస్తా" అనండి, చాలు. చార్మినార్ అనకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

గైడ్‌తో మాట్లాడుకోవడం

అందరూ పాడుచేసుకునేది ఇక్కడే. మిగతా విషయాల్లో తప్పు జరిగినా సర్దుకోవచ్చు. ఇక్కడ తప్పితే ఆ పూటంతా పోయినట్టే. అందుకే నిదానంగా చదవండి.

గైడ్‌ను చార్మినార్ కింద నిలబడి మాట్లాడుకోకూడదు. అక్కడ నలుగురు చుట్టూ మూగుతారు. ఒకరు రేటు చెబితే ఇంకొకరు తగ్గిస్తారు. మీరు తక్కువకు వచ్చినవాళ్లను ఒప్పుకుంటారు. ఆ తగ్గిన డబ్బు ఇంకెక్కడో పూడాలి కదా. అది పూడేది దుకాణంలో. కొన్ని దుకాణాలు తమ దగ్గరికి జనాన్ని తెచ్చిన గైడ్‌కు అమ్మకంలో కమీషన్ ఇస్తాయి. ఆ కమీషన్ మీరు కొన్న వస్తువు ధరలోనే ఉంటుంది. అంటే గైడ్‌కు మీరు ఇవ్వని డబ్బును, ఇంకా ఎక్కువ చేసి, దుకాణం చేతి మీదుగా మీరే ఇస్తున్నారన్నమాట. గైడ్ చెడ్డవాడు కాబట్టి ఇలా జరుగుతోందని నేను అనను. మూడు గంటల పనికి తగిన డబ్బు మనం ఇవ్వకపోతే అతని ఇల్లు గడవాలి కదా. అందుకే బేరం ఆడకండి. సరైన మొత్తం ఒప్పుకుని, దుకాణాలు వద్దని గట్టిగా చెప్పండి.

ముందు రోజు సాయంత్రమే ఫోన్‌లో మాట్లాడండి. పర్యాటక శాఖ గుర్తింపు కార్డు ఉందా అని అడగండి. ఉన్నవాళ్లు అడిగినందుకు నొచ్చుకోరు, సంతోషిస్తారు. తర్వాత భాష. ఇది చాలామంది మరిచిపోతారు. పాతబస్తీ గైడ్లలో ఎక్కువమంది ఉర్దూలో, హిందీలో, ఇంగ్లిష్‌లో ధారాళంగా చెబుతారు. తెలుగులో రెండు మాటలు మాట్లాడగలిగినంత మాత్రాన మూడు గంటలు తెలుగులో కథ చెప్పగలరని కాదు. మీతో వచ్చే అమ్మకో అత్తయ్యకో హిందీ రాకపోతే ఆమె మూడు గంటలూ మీ ముఖం చూస్తూ నడవాల్సి వస్తుంది. ఫోన్‌లోనే తెలుగులో ఐదు నిమిషాలు మాట్లాడించండి. తెలిసిపోతుంది.

నేను ఎప్పుడూ ఒక ప్రశ్న అడుగుతాను: "అన్నా, చార్మినార్ ఎందుకు కట్టారు?" ప్లేగు పోయినందుకు మొక్కు తీర్చుకున్నారని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఇంకో గైడ్‌ను వెతుక్కుంటాను. ప్లేగు కథ ఉంది, భాగమతి కథా ఉంది, రెండూ చెప్పాల్సిందే. కానీ మంచి గైడ్ "ఇలా చెప్పుకుంటారు" అని మొదలుపెట్టి, ముహమ్మద్ కులీ కుతుబ్ షా దీన్ని కట్టించిన 1591లోనే ఇస్లామీ పంచాంగం హిజ్రీలో వెయ్యో ఏడాది మొదలైందనీ, కొత్త నగరానికి నడిబొడ్డుగా దీన్ని నిలబెట్టారనీ కూడా చెబుతాడు. కథేదో, చరిత్రేదో విడదీసి చెప్పగలిగిన మనిషితో నడిస్తే పిల్లలకు కూడా ఆ తేడా తెలుస్తుంది.

ఆ తర్వాత షరతులు. నేను మాట్లాడే తీరు ఇది: "అన్నా, మేం ఆరుగురం. మదీనా చౌరస్తాలో కలుద్దాం. పత్తర్‌గట్టి, చార్ కమాన్, చార్మినార్, మక్కా మసీదు, చివర మహబూబ్ చౌక్. తొమ్మిదిన్నరకు అయిపోవాలి. దుకాణాలు ఒక్కటి కూడా వద్దు. అందరికీ కలిపి ఎంత ఇవ్వమంటారు?" ఆ "అందరికీ కలిపి" అన్న మాట వదలకూడదు. మనిషికా, గుంపుకా అన్నది ముందు తేల్చుకోక చివర్లో గొడవపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. ఒప్పుకున్నదంతా మెసేజ్‌గా పంపండి. చోట్ల పేర్లు, వేళ, మొత్తం డబ్బు, దుకాణాలు లేవు అన్న మాట. నాలుగు వరుసలు చాలు.

ఇంత చేశాక కూడా దారిలో ఒకచోట "ముత్యాలు ఒక్కసారి చూడండి మేడమ్, కొనకపోయినా పర్లేదు, ఐదే నిమిషాలు" అన్న మాట రావచ్చు. అక్కడ మొహమాటపడకండి. ఒకసారి నేను ఊళ్లో లేనప్పుడు మా పిన్నివాళ్లు ఆ ఐదు నిమిషాలకు ఒప్పుకున్నారు. లోపల కూల్‌డ్రింకులు ఇచ్చారు, పెట్టెలు ఒకదాని మీద ఒకటి తెరిచారు, అంత మర్యాద చేశాక లేచి రావడం ఎలాగని పిన్ని ఒక సెట్ కొంది. బయటికొచ్చేసరికి మక్కా మసీదులో నమాజు వేళైంది, లోపలికి వెళ్లే వీలు లేక తిరిగొచ్చేశారు. ఆ సెట్ ఇప్పటికీ బీరువాలోనే ఉంది. కాబట్టి నవ్వుతూ, నడుస్తూనే "ఇవాళ వద్దన్నా, నిన్న అనుకున్నాం కదా" అనండి. ఆగి చెప్పకండి. ఆగితే అది బేరం మొదలైనట్టే. ముత్యాలు కొనాలని ఉంటే సాయంత్రం గైడ్ లేకుండా వెళ్లి నాలుగు దుకాణాలు తిరిగి కొనుక్కోండి.

నడక

మదీనా నుంచే మొదలుపెట్టాలి. నేరుగా చార్మినార్ దగ్గర దిగితే మొదటి నిమిషంలోనే అంతా చూసేసినట్టు ఉంటుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి కిలోమీటరు నడుస్తూ వస్తే అది మీ ముందు కొంచెం కొంచెంగా పెరుగుతుంది. ఇందులో వేరే అభిప్రాయానికి చోటు లేదు.

ముందు వచ్చేది పత్తర్‌గట్టి. 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరద తర్వాత నగరాన్ని సరిచేయడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఈ రాతి కమాన్ల వరస ఆ బోర్డు పనే. పదకొండు తర్వాత వస్తే కింద వేలాడే బట్టలు, పైన బోర్డులు తప్ప ఏమీ కనిపించదు. పొద్దున షట్టర్లు మూసి ఉంటాయి. తలెత్తి మొదటి అంతస్తు చూడండి. గ్రానైట్ కమాన్ల వరస వీధి పొడవునా సాగిపోతుంది. ఇక్కడ నడవడానికీ, బస్సు కిటికీలోంచి చూడడానికీ పోలికే లేదు. బస్సులో పైఅంతస్తు కనిపించదు.

తర్వాత చార్ కమాన్, అంటే నాలుగు పెద్ద కమాన్లు. వాటిలో ముందు వచ్చేది ఉత్తరాన ఉన్న మచ్లీ కమాన్. దాని కింద గుంపును ఆపి, మాట్లాడకుండా ఒక నిమిషం నిలబెట్టండి. నడిమధ్యన గుల్జార్ హౌజ్ అనే నీటి తొట్టి, దాని వెనక చార్మినార్ కమాన్, ఆ కమాన్ ఒంపులోంచి చార్మినార్. ఎండ ఎడమ వైపు నుంచి పడుతుంది కాబట్టి తూర్పు మినార్లు ముందు వెలుగుతాయి, పడమటివి ఇంకా బూడిద రంగులోనే ఉంటాయి. రోడ్డు ఊడ్చే చీపురు చప్పుడు తప్ప పెద్దగా ఏమీ వినిపించదు. గైడ్ కూడా ఇక్కడ మాట్లాడకూడదు. నేను ముందే చెప్పి ఉంచుతాను.

గుల్జార్ హౌజ్ దగ్గర తూర్పున కాలీ కమాన్, పడమర షేర్-ఎ-బాతిల్ కమాన్ చూపించమనండి. పడమటి కమాన్ ఒకప్పుడు కుతుబ్ షాహీల మహళ్లకు దారి. ఆ మహళ్లు ఇప్పుడు లేవు, దారి ఒక్కటే మిగిలింది. ఈ హౌజ్‌ను పూర్వం "చార్ సూ కా హౌజ్" అనేవారు, నాలుగు దిక్కుల నీటి తొట్టి అని.

చార్మినార్ దగ్గర చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. దూరం నుంచి ఎత్తు కనిపిస్తుంది, దగ్గరికొస్తే పనితనం. మినార్ల మీది పూలు, తీగలు రాయిలో చెక్కినవి కావు. డంగుసున్నపు గచ్చుతో తీర్చినవి. ఒక పువ్వు దగ్గర కళ్లు ఆపి చూస్తే రేకుల అంచులు కాస్త గుండ్రంగా, మెత్తగా కనిపిస్తాయి. అది చేతి వేళ్ల పని. 2019 మే నెలలో ఒక మినార్ నుంచి ఇలాంటి గచ్చు పెద్ద పెచ్చే ఊడి పడింది. అందుకే కంచె దాటి గోడలకు చేతులు ఆనించకండి, పేర్లు గీకకండి. నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో పెట్టినవి. పైకి ఎక్కడం ఈ నడకలో లేదు. మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అసలు వద్దు.

ఇప్పుడు టీ. మక్కా మసీదు పక్కనే నిమ్రా కేఫ్ ఉంది, అక్కడే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. నడక మొదట్లో తాగితే అందరూ అక్కడే కూర్చుండిపోతారు, చివర్లో అయితే ఆకలితో విసుక్కుంటారు. మధ్యలోనే తాగాలి. డికాక్షన్ ఒక గిన్నెలో మూత కింద మగ్గుతుంది, పాలు ఇంకో దాంట్లో చిక్కబడతాయి, కప్పులో పోశాకే రెండూ కలుస్తాయి. మీ గైడ్‌కు కూడా ఒక కప్పు ఇప్పించండి.

మక్కా మసీదులోకి చెప్పులు విప్పి, గొంతు తగ్గించి వెళ్లండి. 1617లో పునాది పడింది. గోల్కొండ పతనమయ్యాక ఔరంగజేబు కాలంలో, 1694లో పూర్తయింది. మూడు తరాల మనుషులు ఎత్తిన రాళ్లివి. ఆవరణలో నిజాంల సమాధులు చూపించేటప్పుడు గైడ్ మాట జాగ్రత్తగా వినండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సమాధి ఇక్కడుంది. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది ఇక్కడ లేదు, కింగ్ కోఠి దగ్గర జూదీ మసీదులో ఉంది. పిల్లలను బయట పావురాల దగ్గర కాసేపు వదలండి. జొన్నలు కొనిస్తే చాలు, వాళ్లకు హైదరాబాద్ అంటే చాలా ఏళ్లు అదే గుర్తుంటుంది.

లాడ్ బజార్ దాటి

ఆఖరున గాజుల వీధి లాడ్ బజార్ గుండా మహబూబ్ చౌక్ గడియార స్తంభం దాకా. దుకాణాలు మూసే ఉంటాయి, అదే మనకు కావాలి. లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. గాజులు చూడాలన్నా కొనాలన్నా సాయంత్రం ఆడవాళ్లంతా కలిసి మళ్లీ రండి, ఆ దీపాల వెలుగులోనే వాటి రాళ్లు మెరుస్తాయి. గడియార స్తంభం 1892 నాటిది. ఫొటో తీసుకుని అక్కడే ముగించండి.

డబ్బు గైడ్ చేతికి అక్కడే, అనుకున్న మొత్తం, పైన కొంచెం కలిపి ఇవ్వండి. దుకాణాలకు తీసుకెళ్లకుండా మాట నిలబెట్టుకున్నందుకు ఆ పైది. నంబర్ దాచుకోండి, తర్వాత వచ్చే చుట్టాలకు పనికొస్తుంది. నహారీ-కుల్చా (మాంసం పులుసు, రొట్టె) తినాలని ఉంటే మాత్రం ఆ సంగతి ముందు రోజే గైడ్‌తో చెప్పి నడక మొదట్లోనే తినేయండి, ఎండెక్కే వేళకు గిన్నె ఖాళీ అవుతుంది. పది దాటితే సరుకు బండ్లు, ఆటోలు ఒక్కసారిగా ఈ వీధుల్లోకి దిగుతాయి. తొమ్మిదిన్నరకే ఆటో ఎక్కితే ఆ రద్దీకి ముందే మూసీ మీది నయాపూల్ వంతెన దాటేస్తారు.