బొంత పొరలను స్ప్రే గమ్‌తో అంటించినప్పుడు వచ్చే తిప్పలు: ఎలా సరిచేయాలి?

పైన అతుకుల గుడ్డ, మధ్యలో బ్యాటింగ్ (బొంతకు మెత్తదనం ఇచ్చే దూది లేదా పాలిస్టర్ పొర), కింద అడుగు గుడ్డ. ఈ మూడింటినీ టాకాలు, పిన్నీసులు లేకుండా స్ప్రే గమ్‌తో అంటిస్తే బోలెడు సమయం కలిసొస్తుంది. ఎక్కడైనా తేడా కొడితే మాత్రం సగం కుట్టాకే బయటపడుతుంది.

1. ముందు డబ్బా మీద ఏం రాసుందో చదవండి. గుడ్డల కోసం చేసిన తాత్కాలిక గమ్ అయి ఉండాలి. శాశ్వతంగా అంటుకునే రకమైతే ఉతికినా వదలదు, బొంత అట్టలా బిగుసుకుపోతుంది. కిటికీలు తెరిచి పెట్టండి, దరిదాపుల్లో మంట ఉండకూడదు.

2. అడుగున ముడతలు పడ్డాయా? ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. అడుగు గుడ్డను నేల మీద తిరగేసి పరిచి, అంచులకు టేప్ వేసేటప్పుడు కసిగా లాగేస్తాం. టేప్ తీయగానే గుడ్డ వెనక్కి ముడుచుకుంటుంది, దాంతోపాటే కుచ్చులు వస్తాయి. నా మొదటి బొంత అడుగు భాగం ఇప్పటికీ ఎవరికీ చూపించను! గుడ్డ సాఫీగా ఉంటే చాలు, సాగకూడదు. ముడత కనిపిస్తే అంచు పట్టుకుని లాగకండి, అది పక్కకి జరుగుతుందే తప్ప పోదు. ఆ వైపు పొరను మధ్య దాకా లేపి, అరచేత్తో మధ్య నుంచి అంచుకు నిమురుతూ మళ్లీ పరవండి. తాత్కాలిక గమ్ కాబట్టి ఊడదీసి మళ్లీ అంటించొచ్చు.

3. సూదికి జిగురు పట్టి, కుట్లు తప్పిపోతూ, దారం తెగుతోందంటే స్ప్రే ఎక్కువైనట్టే. డబ్బాను 25-30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, గుడ్డ మీద కాకుండా బ్యాటింగ్ మీద పలచగా కొట్టాలి. వేలితో తాకితే స్టికీ నోట్‌లా అనిపించాలి, వేలికి పీచు అంటుకుని వచ్చిందంటే మోతాదు మించింది. అలాంటప్పుడు కొన్ని గంటలు ఆరనివ్వండి. మెషిన్ ఆపి, స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో సూదిని తుడవండి. ఇంకా తప్పుతుంటే సూది మార్చేయడమే.

4. పొరలు ఊడిపోతుంటే లేపి, బ్యాటింగ్ మీద ఇంకోసారి పలచగా కొట్టండి. ఉబ్బెత్తు పాలిస్టర్ బ్యాటింగ్ గమ్‌కు అంత తేలిగ్గా లొంగదు, దానికి అంచుల్లోనూ మధ్యలోనూ కొన్ని పిన్నీసులు పెట్టక తప్పదు. అంటించి వారాల తరబడి పక్కన పెట్టినా పట్టు సడలుతుంది. ఇస్త్రీ చేస్తే గట్టిగా పడుతుందని డబ్బా మీద ఉంటేనే చేయండి. వేడి ఎక్కువైతే పాలిస్టర్ కరుగుతుంది.

5. స్ప్రే చుక్కలు చుక్కలుగా పడుతుంటే నాజిల్ మూసుకుపోయినట్టు. దాన్ని స్పిరిట్‌తో తుడిచి, ముందు పాత పేపర్ మీద కొట్టి చూడండి.

మెషిన్ ఎక్కించే ముందు మొత్తాన్ని తిరగేసి, అడుగు గుడ్డ మీద ఒకసారి చెయ్యి ఆడించండి. కంటికి కనపడని ముడత కూడా చేతికి తగులుతుంది.