సన్నని బొమ్మకు దుస్తులు సరిపోకపోతే: సమస్య - పరిష్కారం

చెన్నైలో నవరాత్రి కొలువు కోసం మరపాచి అనే చెక్క బొమ్మల జంటకు, పిల్లల ఫ్యాషన్ బొమ్మలకు రెడీమేడ్ దుస్తులు కొనే మన తెలుగు కుటుంబాలవారు ముందుగా గమనించవలసింది ఒకటి ఉంది. ప్యాకెట్ మీద అచ్చువేసిన అంగుళాలు బొమ్మ ఎత్తును మాత్రమే చెబుతాయి, ఒంటి చుట్టుకొలతను చెప్పవు. సన్నని బొమ్మల విషయంలో వచ్చే చిక్కులలో చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

గౌను భుజాల మీద నిలవకుండా జారిపోతోంది

1959లో వచ్చిన బార్బీ ఎత్తు సుమారు 29 సెంటీమీటర్లు. 2016లో అదే పేరుతో పొడవాటి, పొట్టి, బొద్దు శరీరాలు మరో మూడు చేరాయి. 1967 నుంచి ఉన్న జపాను బొమ్మ లిక్కా ఎత్తు 22 సెంటీమీటర్లే. ఇన్ని శరీరాలు ఉండగా, "12 అంగుళాల బొమ్మకు" అని కుట్టిన గౌను వాటిలో దేనిని దృష్టిలో పెట్టుకుని కత్తిరించారో కొనేవారికి తెలిసే అవకాశం తక్కువ.

టేపు వెడల్పుగా ఉండి చిన్న ఒంటికి సరిగా అంటదు కనుక, సన్నని దారంతో ఛాతీ, నడుము, తుంటి చుట్టుకొలతలను, భుజం నుంచి నడుము వరకు పొడవును తీసుకుని, ఆ దారాన్ని స్కేలు మీద పరిచి సెంటీమీటర్లలో రాసుకోవాలి. దుకాణంలో గౌనును బల్లపరుపుగా పరిచి, నడుము దగ్గర వెడల్పును రెట్టింపు చేసి, వెనుక ఒక అంచు మరొకదాని మీదికి వచ్చే భాగాన్ని అందులోంచి తీసివేస్తే అసలు చుట్టుకొలత తెలుస్తుంది. బిగుతు, వదులు గౌన్లలో ఒకటి ఎంచుకోవలసి వస్తే కాస్త వదులైనదే మేలు. టిచ్ బటన్‌ను లోపలికి జరిపి కుట్టి బిగించుకోవచ్చు, బిగుతైన దానిని పెంచడానికి లోపల గుడ్డ మిగిలి ఉండదు.

ఒకే సైజు అని కొన్న రెండు జతలలో ఒకటే సరిపోయింది

బొమ్మ నడుము 9 సెంటీమీటర్లు అనుకుంటే, కుట్టులో వచ్చే 3 మిల్లీమీటర్ల తేడా 75 సెంటీమీటర్ల నడుము గల మనిషికి రెండున్నర సెంటీమీటర్ల తేడాతో సమానం. అందువల్ల ప్రతి జతను విడివిడిగా కొలిచి తీసుకోవాలి.

కొలత సరిగానే ఉన్నా బొమ్మ లావుగా కనిపిస్తోంది

శరీరం ఆరో వంతుకు తగ్గినా బట్ట మందం, జరీ పోగు మందం తగ్గవు. పట్టుచీర ముక్కతో కుట్టిన పావడాలో కుచ్చులు, లైనింగు, నడుము మడత ఒకదానిపై ఒకటి చేరి, సన్నని నడుమును పూర్తిగా కప్పేస్తాయి. పట్టు మీద మనకున్న మమకారం సహజమే అయినా, చిన్న బొమ్మకు మల్‌మల్ లేదా లాన్ వంటి పలుచని నూలు బట్ట ఇచ్చే ఒద్దికను మందపాటి పట్టు ఇవ్వలేదని నా అభిప్రాయం. జార్జ్ టౌన్‌లోని గోడౌన్ వీధి వంటి బట్టల బజారుకు వెళ్లినప్పుడు బట్టను వేళ్ల మధ్య నాలుగు మడతలు వేసి చూడండి. ఆ మడతలు మందంగా తగిలితే నడుము దగ్గర కూడా అలాగే ఉబ్బుతాయి.

కుచ్చులకు నడుము కొలతకు మూడింతల బట్ట కాక రెండింతలు చాలు. నడుము అంచును మడిచి కుట్టే బదులు సన్నని రిబ్బను వేయాలి. బట్ట నేతలో వచ్చిన అంచునే పావడా అడుగుకు వాడుకుంటే అక్కడ కూడా మడత తప్పుతుంది. జరీ తప్పనిసరి అనుకుంటే సన్నని అంచును మాత్రమే కత్తిరించి వాడండి.

మరపాచి బొమ్మకు రవిక ఎక్కడం లేదు

ఎర్రచందనంతో చేసే ఈ బొమ్మలకు చేతులు సాధారణంగా ఒంటికి ఆనించి చెక్కి ఉంటాయి కనుక చేతుల రవిక ఎక్కదు. చేతిపని కావడం వల్ల జంటలోని రెండు బొమ్మల కొలతలు కూడా ఒకటిగా ఉండకపోవచ్చు. మైలాపూరు వడమాడ వీధిలో కొలువు సరుకు కొనేటప్పుడు రెండింటి కొలతలూ వెంట తీసుకెళ్లి, నాడా ఉన్న పావడా, వెనుక ముడివేసే రవిక, చుట్టి కట్టే పంచె ఎంచుకోవాలి. చెక్క నునుపుకు బట్ట జారుతుంటే జిగురు పూయవద్దు. ముందుగా నడుముకు నూలు బొందు ఒకటి బిగించి, దానిపై చీర కడితే బట్టకు బట్ట పట్టుకుంటుంది.

ఉతికాక బిగుసుకుపోయింది

నూలు బట్ట తొలి ఉతుకులో కుదించుకుపోతుంది. కత్తిరించక ముందే తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. రెడీమేడ్ నూలు గౌనైతే సరిగ్గా సరిపోయేది కాక ఒక పిసరు వదులైనది కొనాలి.