సాలిడ్ వుడ్ డైనింగ్ టేబుల్ ఎలా చేయించుకోవాలి? పలుచగా, సింపుల్‌గా, వంకర పోకుండా

ఈ మధ్య చాలామంది అడుగుతున్న టేబుల్ ఒకటే రకం. నగిషీలు ఉండవు, టాప్ పలుచగా, కాళ్ళు సన్నగా, చెక్క రంగు ఉన్నది ఉన్నట్టు కనబడాలి, మెరుపు తక్కువ ఉండాలి. చూడ్డానికి తేలిక పనిలా అనిపిస్తుంది గానీ నగిషీల టేబుల్ కంటే ఇదే కష్టం, ఎందుకంటే ఎక్కడైనా తేడా వస్తే దాన్ని కప్పేయడానికి ఒక పువ్వు చెక్కుడు గానీ అంచు పట్టీ గానీ ఉండదు. కొన్ని నెలలకే టాప్ డొప్పలా లేచిందనో, మధ్యలో చీలిందనో చాలామంది చెక్కని తిట్టుకుంటారు. చాలాసార్లు చెక్క మంచిదే, దానికి కదలడానికి చోటు వదల్లేదు, అంతే. ఆ చోటు ఎక్కడెక్కడ వదలాలో తెలిస్తే మీ కార్పెంటర్‌తో ధైర్యంగా మాట్లాడొచ్చు.

1. ముందు గది కొలవండి

మనిషికి 60 సెంటీమీటర్లు లెక్కేసుకుంటే మోచేతులు తగలవు. పొడవు వైపు ముగ్గురు చొప్పున ఆరుగురికి 180 పొడవు, 90 వెడల్పు చాలు, కాకపోతే కాళ్ళు మూలల్లో లావుగా వస్తే మధ్యలో కూర్చునేవాళ్ళకి ఇరుకవుతుంది, కాబట్టి కాలికీ కాలికీ మధ్య దూరం విడిగా చూసుకోండి. ఎత్తు 75, కుర్చీ సీటు 45 మామూలు లెక్క. కుర్చీలో ఒకరు కూర్చుని ఉండగా వెనక ఇంకొకరు నడవాలంటే టేబుల్ అంచు నుంచి గోడ దాకా 90 అయినా ఉండాలి.

అందరూ మర్చిపోయే కొలత ఒకటుంది. టాప్ కింద కాళ్ళని కలుపుతూ నాలుగు వైపులా పట్టీ వస్తుంది కదా, ఆ పట్టీ అడుగు నుంచి నేల దాకా 62 సెంటీమీటర్లకి తగ్గితే తొడలు తగులుతాయి. కుర్చీల మీద కుషన్లు వేసే ఉద్దేశం ఉంటే ఇంకా పైన ఉంచమనండి. ఆర్డర్ ఇచ్చే ముందు నేల మీద టేప్‌తో టేబుల్ సైజు గీసి, కుర్చీలు పెట్టి రెండు రోజులు దాని చుట్టూ తిరగండి.

2. చెక్క ఎంచుకోవడం

టేకు, ఓక్, వాల్‌నట్ ఏదైనా మంచి టేబుల్ అవుతుంది. పేరు కంటే పలక ఎలా కోశారన్నది ఎక్కువ ముఖ్యం అంటాను నేను. పలక చివర దగ్గర వంగి చూడండి, చెట్టు వలయాలు అక్కడ కనబడతాయి. అవి పలక మందంలో కింది నుంచి పైకి నిలువుగా నిలబడి ఉంటే ఆ పలక నిలకడగా ఉంటుంది, వంపు తిరిగి విల్లులా పడుకుని ఉంటే ఎక్కువ కదులుతుంది, డొప్ప తేలేది కూడా ఎక్కువగా అదే. నిలువు వలయాల పలకలు ఖరీదెక్కువ, అన్నీ అవే దొరకవు, కనీసం టాప్ వరకైనా అడగండి. చేవ భాగమే కావాలని గట్టిగా చెప్పండి, ఎందుకంటే బెరడు పక్కన ఉండే తెల్ల చెక్కని పురుగు త్వరగా పడుతుంది.

రెడీమేడ్ టేబుల్‌ని సాలిడ్ వుడ్ అని అమ్ముతుంటే కూడా ఇదే పరీక్ష. పైన కనబడే చారలు అంచు దాటి పక్కకీ చివరకీ సహజంగా కొనసాగాలి. పైన ఒక డిజైను, పక్కన సంబంధం లేని ఇంకో డిజైను ఉంటే అది పైన అతికించిన పలుచటి పొర.

3. తేమ చూడకుండా పని మొదలుపెట్టనివ్వకండి

అసలు కథంతా ఇక్కడే ఉంది. చెక్క నరికి ఎన్నేళ్ళయినా గాలిలో తేమని పీలుస్తూ వదులుతూనే ఉంటుంది. గాలిలో తేమ 50 శాతం ఉంటే చెక్కలో తేమ సుమారు 9 శాతం దగ్గర నిలుస్తుంది, గాలి తేమ 80కి వెళ్తే చెక్క 16 దాకా పోతుంది. ఈ మార్పుకి పలక పొడవు దాదాపు మారదు, వెడల్పు మాత్రం మారుతుంది. విల్లు వలయాల టేకు పలకలతో చేసిన 90 సెంటీమీటర్ల టాప్ తీసుకుంటే, చెక్క తేమ నాలుగు శాతం మారితే వెడల్పు 6 నుంచి 7 మిల్లీమీటర్లు మారుతుంది. నిలువు వలయాల పలకలైతే అందులో దాదాపు సగం. ఏడు మిల్లీమీటర్లు చిన్నగా అనిపించొచ్చు, కానీ దాన్ని స్క్రూలతో ఆపాలని చూస్తే చెక్క చీలైనా చీలుతుంది, కాళ్ళనైనా పక్కకి తోస్తుంది.

అందుకని తేమ మీటరు పట్టుకెళ్ళండి, లేదా కార్పెంటర్‌ని తెమ్మనండి. రెండు సూదులుండే చిన్న మీటరు చాలు. పలక చివర్లు ముందే ఆరిపోతాయి, అక్కడ గుచ్చితే తక్కువ చూపించి మోసం చేస్తుంది, కాబట్టి మధ్యలో గుచ్చండి, వీలైతే ఒక ముక్క కోసి తాజా కోత మీద చూడండి. ఇంట్లో పెట్టే టేబుల్‌కి 8 నుంచి 12 శాతం మధ్య ఉంటే హాయి. 18, 20 చూపిస్తే ఎంత అందమైన పలకైనా ఆగండి. గాలికి ఆరబెట్టే చెక్కకి అంగుళం మందానికి సుమారు ఏడాది అన్నది పాత లెక్క, యంత్రంలో ఆరబెట్టింది దొరికితే ఆ ఎదురుచూపు తప్పుతుంది. కొన్న తర్వాత కూడా పలకల మధ్య సన్న పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి, టేబుల్ ఉండబోయే గదిలోనే రెండు మూడు వారాలు ఉంచండి.

4. అతకడం, బిగించడం

పలకలు పక్కపక్కన పెట్టి జిగురుతో అతికేటప్పుడు అంచులు చిత్రిక పట్టిన వెంటనే అతకాలి. టేకులో సహజమైన నూనె ఉంటుంది, ఆలస్యమైతే అది పైకి వచ్చి జిగురు పట్టు తగ్గిస్తుంది. అతికే ముందు అంచుని అసిటోన్‌తో తుడిస్తే ఇంకా మంచిది.

టాప్‌ని కింది పట్టీలకి బిగించే చోట చాలామంది నేరుగా స్క్రూ దింపేస్తారు. అలా వద్దు. పట్టీలో గుండ్రటి రంధ్రం బదులు టాప్ వెడల్పు వైపుకి సాగిన పొడవాటి రంధ్రం చేయించండి, స్క్రూ కింద వాషర్ వేయించండి, అప్పుడు టాప్ కదిలితే స్క్రూ కూడా ఆ రంధ్రంలో జరుగుతుంది. ఇంకో పద్ధతి కూడా ఉంది. పట్టీ లోపలి వైపు గాడి తీసి, అందులో దూరే చిన్న చెక్క ముక్కల్ని టాప్‌కి స్క్రూ చేయడం. ఇది నాకు ఎక్కువ ఇష్టం, గట్టిగా పట్టుకుంటుంది, అవసరమైనంత వదులుతుంది. కాళ్ళకీ పట్టీలకీ మాత్రం ఉత్త స్క్రూలు చాలవు, పట్టీ చివరని నాలుకలా చెక్కి కాలిలో తొలిచిన గుంటలో దింపి జిగురు పెట్టే పాత పద్ధతే కావాలి. ఓక్‌కి ఇంకో జాగ్రత్త ఉంది, మామూలు ఇనప స్క్రూకి తడి తగిలితే దాని చుట్టూ చెక్క నల్లబడుతుంది, స్టెయిన్‌లెస్ స్టీల్ వాడించండి.

చెట్టు అంచు అలాగే ఉంచిన ఒకే పెద్ద పలక టేబుల్ కావాలనుకుంటే దానికి చీలికలు మామూలే. జపనీస్ అమెరికన్ డిజైనర్ జార్జ్ నకషిమా అలాంటి చీలికల్ని పుట్టీతో కప్పకుండా, రెండు వైపులా విచ్చుకున్న సీతాకోకచిలుక ఆకారపు చెక్క బిళ్ళల్ని అడ్డంగా దింపి అవి పెరగకుండా ఆపేవారు. అలాంటి బిళ్ళ మీ కార్పెంటర్ దింపగలడా అని ముందే కనుక్కోండి.

5. పలుచగా కనబడేలా చేయడం

టాప్‌ని నిజంగా పలుచగా చేయక్కర్లేదు. 25 మిల్లీమీటర్ల పలక వాడి, అడుగు వైపు అంచుని ఏటవాలుగా చెక్కిస్తే బయటికి 12, 15 మాత్రమే కనబడుతుంది. కాళ్ళు కూడా పైన లావుగా, కిందికి సన్నబడేలా, లోపలి వైపు మాత్రమే చెక్కిస్తే తేలిగ్గా కనబడతాయి, బలం పోదు.

6. రుద్దడం, ఫినిష్

ఎమెరీ పేపర్ 80, 120, 180, 220 వరసలో (నంబరు పెరిగేకొద్దీ పేపరు నున్నన), ఎప్పుడూ చారల వెంటే. ఒక నంబరు కూడా దాటేయకూడదు. పెన్సిల్‌తో టాప్ అంతా లైట్‌గా గీసి, ఆ గీతలు పూర్తిగా పోయేదాకా రుద్దితే ఎక్కడ తక్కువ రుద్దామో తెలుస్తుంది. 180 అయ్యాక తడి గుడ్డతో తుడిచి ఆరనిస్తే చెక్క నూగు లేస్తుంది, 220తో ఆ నూగు తీసేస్తే తర్వాత చేతికి గరుకు తగలదు.

నూనె ఫినిష్ వేస్తే చెక్క చెక్కలా కనబడుతుంది, గీత పడ్డా ఆ చోటు మాత్రమే రుద్ది మళ్ళీ పట్టించొచ్చు. పీయూ (పాలీయురెథేన్) కోటింగ్ నీటిని బాగా ఆపుతుంది కానీ గీత పడితే ఆ ముక్క మాత్రమే కలపడం కష్టం. చిన్నపిల్లలున్న ఇంటికి పీయూ, లేకపోతే నూనె, నా సలహా ఇదే. ఏది వేసినా టాప్ అడుగు వైపు కూడా అన్ని కోట్లూ వేయించండి. పైన మాత్రమే వేస్తే అడుగు వైపు తేమ త్వరగా పీల్చుకుని టాప్ వంగుతుంది. లిన్‌సీడ్ లాంటి నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి బయట ఆరేయాలి, లేదా నీళ్ళలో ముంచి ఉంచాలి.

7. గదిలో పెట్టాక

నేల, టేబుల్, అల్మరా అన్నీ ఒకే రంగు చెక్క అయితే ఏదీ కనబడదు. టేబుల్ చెక్కదైతే గోడలు ప్లెయిన్‌గా, కుర్చీల సీట్లు అల్లికతోనో బట్టతోనో ఉండనివ్వండి. పైన లైటు టాప్ నుంచి 75, 80 సెంటీమీటర్ల ఎత్తులో, 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య (అంటే కాస్త పసుపు ఛాయ ఉన్న వెలుతురు) ఉంటే చెక్క రంగు బాగా పలుకుతుంది. నేరుగా ఎండ పడే చోట, ఏసీ గాలి కొట్టే చోట మాత్రం వద్దు.

కొత్త టేకు ముందు మచ్చలు మచ్చలుగా ఉన్నా వెలుతురుకి బంగారు గోధుమ రంగులోకి సర్దుకుంటుంది, వాల్‌నట్ కాస్త లేతబడుతుంది. మొదటి కొన్ని నెలలు మ్యాట్లూ పూలకుండీలూ ఒకే చోట ఉంచితే వాటి కింద రంగు వేరుగా మిగిలిపోతుంది, జరుపుతూ ఉండండి. ఏడాదికోసారి కిందికి వంగి స్క్రూలు చూడండి. కాళ్ళ దగ్గర స్క్రూలు ఉండి వదులైతే బిగించండి, టాప్ కింద పొడవు రంధ్రాల్లో ఉన్నవాటిని మాత్రం వాషర్ తగిలేంత వరకే తిప్పండి.