మగది లేకుండా పిల్లలు ఎలా పుడతాయో ఇంట్లోనే చూడాలంటే: పేనుబంక, నిమ్మ గింజ, ఒక గుడ్డిపాము

అనిషేకజననం అంటే ఇంటర్‌లో, నీట్ కోచింగ్‌లో ఒక చిన్న ప్రశ్న. ఫలదీకరణ జరగని అండం నుంచి కొత్త జీవి పుట్టడం, ఉదాహరణకు తేనెటీగల్లో మగవి, అని రాసేసి అందరూ ముందుకెళ్ళిపోతారు. బెజవాడలో ఉంటూ దీన్ని కళ్ళతో చూడకపోవడం మాత్రం అన్యాయం. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మన వీధుల్లో ఏ మేడ మీద చిక్కుడు పాదు ఉన్నా దాని లేత కొసల్లో ఈ పనే జరుగుతూ ఉంటుంది. మన ఇళ్ళలో ఆ కొసకి పట్టిన, రసం పీల్చే చిన్న పురుగుల్ని చూడగానే "అయ్యో పేనుబంక పట్టింది" అని వేపనూనె కొట్టేస్తారు. ఒక్క కొస వదిలేయమని అమ్మతో చెప్పి పెట్టుకోండి.

పాదు లేకపోయినా పర్లేదు. పటమట రైతు బజారులో చిక్కుడుకాయలు ఏరుకునేటప్పుడు, ఎవరూ తీసుకోని జిగురు జిగురు కాయలు కొన్ని పక్కన పడి ఉంటాయి, అవి చాలు. కాకపోతే తినిపించడానికి పురుగుమందు కొట్టని ఆకులు మీకు రోజూ దొరకాలి, కాబట్టి ఒక కుండీలో నాలుగు చిక్కుడు గింజలో బొబ్బర్లో ముందే వేసుకోవడం మంచిది. చిక్కుడు మీద నల్లగా నిగనిగలాడుతూ గుంపుగా ఉండేవి తల్లులు, వాటి చుట్టూ బూడిద పూసినట్టు ఉండే చిన్నవి పిల్లలు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు మూడు, పల్చటి చున్నీ ముక్క, రబ్బరు బ్యాండ్లు, దూది, పిల్లల వాటర్‌కలర్ బ్రష్‌లలో అన్నిటికన్నా సన్నది, ఒక భూతద్దం దగ్గర పెట్టుకోండి. ఫోన్ కెమెరాకి తగిలించే చిన్న మాక్రో లెన్స్ ఉంటే ఇంకా బాగుంటుంది.

డబ్బా మూతకి పెద్ద కంత చేసి చున్నీ ముక్క బిగించండి. దోమతెర గుడ్డ వద్దు, అప్పుడే పుట్టిన పిల్ల దాని కన్నాల్లోంచి నడిచి వెళ్ళిపోతుంది. లేత ఆకు ఒకటి కోసి రెండు వైపులా నీళ్ళతో కడిగి, భూతద్దంతో అడుగు భాగం అంతా వెతకండి, ఈనెల మూలల్లో దాక్కున్నవి ఉంటాయి. కాడకి తడి దూది చుట్టి డబ్బాలో పెట్టండి. ఇలాంటి ఆకునే పురుగు ఏదీ పెట్టకుండా రెండో డబ్బాలో కూడా ఉంచండి. అందరూ వదిలేసేది ఈ ఖాళీ డబ్బానే. మూడో రోజుకి ఖాళీ డబ్బాలో కూడా పేనుబంక కనబడిందంటే మీరు ఆకు సరిగ్గా కడగలేదని అర్థం, ఇక మొదటి డబ్బాలో ఏం కనబడినా లెక్కలోకి రాదు.

ఇప్పుడు ఒక నల్ల తల్లిని తెచ్చి మొదటి డబ్బాలో ఆకు మీద పెట్టాలి. దాని ముట్టె ఆకులోకి దిగి ఉంటుంది కాబట్టి గిల్లి లాగితే విరుగుతుంది. వెనక నుంచి బ్రష్‌తో మెల్లగా తడుతూ ఉంటే విసుక్కున్నట్టు ముట్టె బయటికి తీసుకుని నడవడం మొదలుపెడుతుంది, అప్పుడు తడి బ్రష్ మీదకి ఎక్కించుకోండి. గోధుమ రంగులోకి మారి గుండ్రంగా ఉబ్బి కదలకుండా ఉన్నదాన్ని మాత్రం ఎంచుకోకండి, దాని లోపల పరాన్నజీవి కందిరీగ పిల్ల పెరుగుతోంది, కొన్ని రోజులాగితే వీపుకి కన్నం పెట్టుకుని బయటికొస్తుంది. అది కూడా చూడదగ్గదే గానీ మనకి కావలసింది వేరే.

మంచి తల్లి దొరికితే మర్నాటికల్లా పక్కన పిల్లలుంటాయి. ఓపిక పట్టి భూతద్దంతో కూర్చుంటే కానుపే చూడొచ్చు. గుడ్డు ఉండదు, పిల్ల నేరుగా బయటికొస్తుంది, అదీ కాళ్ళు మడుచుకుని వెనక భాగం ముందుగా. కొన్ని నిమిషాల పాటు తల్లికి వేలాడి, కాళ్ళు విదిలించుకుని ఆకు మీదకి దిగి నడిచిపోతుంది. ఆకు మీద తెల్లటి పొట్టు కనబడితే చచ్చిపోయాయని టెన్షన్ పడొద్దు, అవి కుబుసాలు. పెద్దదయ్యే లోపల ప్రతి పిల్లా నాలుగుసార్లు విడుస్తుంది.

ఇక్కడితో ఆపేసి "చూశాం" అనేవాళ్ళే ఎక్కువ. కానీ మీరింకా ఏమీ చూడలేదు. ఆ తల్లిని మీరు పాదు మీద నుంచి తెచ్చారు, అక్కడ మగది కలిసిందో లేదో మీకు తెలియదు కదా. అసలు ప్రయోగం పిల్లతో మొదలవుతుంది. ఇప్పుడే పుట్టిన ఒక్క పిల్లని బ్రష్‌తో తీసి మూడో డబ్బాలో కొత్త ఆకు మీద ఒంటరిగా పెట్టండి. రెండు మూడు రోజులకోసారి ఆకు మార్చండి. మన చలికాలం వేడికి సుమారు వారంలో అది నల్లబడి నిగనిగలాడుతుంది, ఆ వెంటనే మగదాని ముఖం చూడకుండానే కనడం మొదలుపెడుతుంది. వాటిలో ఒకదాన్ని మళ్ళీ వేరు చేసి ఇంకో వారం ఆగండి.

ఈ వేరు చేయడాలన్నీ చాదస్తం అనిపిస్తే ఒక పాత సంగతి చెప్పాలి. 1740లో జెనీవాలో షార్ల్ బోనె అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు సరిగ్గా ఇదే పని చేశాడు. పుట్టిన పేనుబంక పిల్లని గాజు పాత్ర కింద ఒంటరిగా ఒక కొమ్మ మీద పెట్టి రోజూ కాపలా కాశాడు, అది 95 పిల్లల్ని కన్నది. అయినా ఆబ్రహాం ట్రెంబ్లే అనే మరో ప్రకృతి శాస్త్రజ్ఞుడు వదల్లేదు: అమ్మమ్మ ఎప్పుడో ఒకసారి కలిసింది, ఆ ఒక్క కలయిక కొన్ని తరాల దాకా సరిపోతుందేమో అన్నాడు. అడ్డంగా వాదించడానికి అడిగినట్టు ఉంటుంది గానీ చాలా మంచి ప్రశ్న. దానికి జవాబుగా బోనె వరసగా పది తరాల దాకా ఒంటరి పిల్లల్ని పెంచి చూపించాడు. మీరు పది పెంచక్కర్లేదు, మూడు తరాలు దాటితే చాలు, విషయం ఒంటబడుతుంది.

ఇంత తొందరగా కనడానికి ఒక కారణం ఉంది. మీరు వేరు చేసిన ఆ చిన్న పిల్ల తల్లి కడుపులో ఉన్నప్పుడే దాని కడుపులో మళ్ళీ పిండాలు మొదలై ఉంటాయి, అంటే అమ్మమ్మ ఒంట్లో ఒకేసారి కూతురూ మనవరాలూ ఉన్నట్టు. అందరూ ఆడవే, దాదాపు అందరూ అచ్చంగా తల్లి నకళ్ళే. చలి దేశాల్లో చాలా రకాల పేనుబంకలు శీతాకాలం ముందు మగవాటిని కూడా కని, జతకట్టి, చలికి తట్టుకునే గుడ్లు పెడతాయి. కృష్ణా తీరంలో వాటిని భయపెట్టేంత చలి ఎక్కడ ఉంది? కాబట్టి ఇక్కడ ఆడవాటి రాజ్యమే నడిచిపోతుంది. గుంపు మరీ ఎక్కువైతేనో ఆకు ముదిరితేనో కొన్ని రెక్కలతో పెరుగుతాయి, డబ్బాలో రెక్కలది కనబడితే అది మగది కాదు, వేరే పాదు వెతుక్కునే ఆడదే.

మధ్యలో పాడయ్యే విషయాలు మూడు నాలుగే. డబ్బా ఎండలో పెడితే ఒక్క మధ్యాహ్నానికి లోపల ఆవిరి పట్టి అన్నీ పోతాయి. దూది మరీ తడిగా ఉంటే పిల్లలు నీటి చుక్కలో మునుగుతాయి. చీమలు వాటి తీపి జిగురు కోసం వస్తాయి, డబ్బాని నీళ్ళ పళ్ళెంలో పెట్టండి. ఆకుతో పాటు అక్షింతల పురుగు పిల్ల ఒక్కటి లోపలికి వచ్చిందంటే రాత్రికి రాత్రి డబ్బా ఖాళీ అవుతుంది.

గుంటూరు వైపు మిరప వేసేవాళ్ళకి ఇది ఆటవిడుపు కాదు. మిరపలో పేనుబంక కథ ఇదే, మందు కొట్టాక ఆకు అడుగున ఒక్క ఆడది మిగిలినా చాలు. అందుకే కొట్టిన నాలుగైదు రోజులకి మళ్ళీ అడుగు భాగం తిప్పి చూడమనేది. పై ముడత తెచ్చే తామర పురుగు, కింది ముడత తెచ్చే నల్లి మాత్రం వేరే పద్ధతి. వాటిలో జతకట్టని ఆడదాని గుడ్ల నుంచి మగవి పుడతాయి, ఫలదీకరణ జరిగిన గుడ్ల నుంచి ఆడవి. అంటే ఒంటరి నల్లి ముందు కొడుకుల్ని కని, తర్వాత ఆ కొడుకుతోనే జతకట్టి కూతుళ్ళని కనగలదు. వినడానికి బాగోదు, కానీ దాని సంసారం అంతే.

తేనెటీగ కూడా ఈ రెండో గుంపులోదే. మగ ఈగ 16 క్రోమోజోములతో పుడుతుంది, రాణికీ కూలి ఈగలకీ 32. మగ ఈగకి తండ్రి ఉండడు, తాత మాత్రం ఉంటాడు. పరీక్షలో "అనిషేకజననం వల్ల పుట్టేవి ఎప్పుడూ ఆడవే" అని ఆప్షన్ ఇస్తే తప్పు పెట్టాల్సింది ఇందుకే. 2006లో ఇంగ్లండ్‌లోని చెస్టర్ జూలో ఫ్లోరా అనే కొమోడో డ్రాగన్ (ఒక పెద్ద బల్లి జాతి) మగ తోడు లేకుండా పెట్టిన గుడ్ల నుంచి పుట్టినవి కూడా మగవే, వాటి లింగ క్రోమోజోముల లెక్క మనకి తలకిందులుగా ఉంటుంది కాబట్టి.

మొక్కల్లో చూడాలంటే నిమ్మ గింజ తీసుకోండి, కానీ ఏం చూస్తున్నారో తెలుసుకుని చూడండి. తెనాలి నిమ్మ మార్కెట్ నుంచి వచ్చే మామూలు పుల్ల నిమ్మకాయే, బాగా పండినది. గింజల జిగురు కడిగి, ఆరబెట్టకుండా, కప్పుకి ఒక్కటి చొప్పున వేలి గోరంత లోతులో పెట్టండి. మూడు నాలుగు వారాల్లో కొన్ని కప్పుల్లో ఒకే గింజ నుంచి రెండు మూడు మొలకలు లేస్తాయి. ఆగలేకపోతే ఒక గింజ పైపొట్టు, లోపలి గోధుమ రంగు పొర ఒలిచి చూసినా పిండాలు పక్కపక్కనే కనబడతాయి. ఇందులో ఒకటి మామూలు సంకరం వల్ల వచ్చినది అయ్యుండొచ్చు, మిగతావి తల్లి చెట్టు కణాల నుంచే వచ్చినవి. అయితే అవి అండం నుంచి కాదు, అండం చుట్టూ ఉండే కణజాలం నుంచి వస్తాయి. కాబట్టి ఇది తండ్రి లేని పుట్టుకే గానీ, గీసి చెప్పాలంటే అనిషేకజననం కాదు, అసంయోగజననంలో (ఫలదీకరణ లేకుండా గింజలో పిండం ఏర్పడడంలో) ఇంకో రకం. నిమ్మలో గింజ నాటినా తల్లి లాంటి చెట్టే ఎక్కువగా వస్తుంది. బంగినపల్లి టెంకెలో ఉండేది ఒకటే పిండం, అదీ సంకరం వల్ల వచ్చినదే, అందుకే దానికి అంటు కట్టాలి. అరటిపండు వేరే సంగతి, అక్కడ గింజే లేదు, ఫలదీకరణ లేకుండా కాయ మాత్రమే పెరుగుతుంది. ఇలా కాయ పెరగడాన్నీ అనిషేకజననాన్నీ కలిపేసి మార్కులు పోగొట్టుకునేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు.

ఇక కుండీలు తిరగేసేటప్పుడు, ముఖ్యంగా వానలకి, వానపాములా ఉండి ఒంటి మీద ఉంగరాలు లేకుండా నున్నగా మెరుస్తూ గబగబా మట్టిలోకి దూరేది కనబడితే చెప్పు తీయకండి. అది గుడ్డిపాము, విషం లేదు, చీమల, చెదపురుగుల గుడ్లూ పిల్లలూ తిని బతుకుతుంది. ఇంతవరకూ తెలిసిన పాముల్లో మగవి అసలే లేకుండా పూర్తిగా ఆడవాటితోనే నడిచే జాతి ఇదొక్కటే, క్రోమోజోములు కూడా రెండు సెట్లు కాదు, మూడు. కుండీల మట్టిలో దాక్కుని ప్రపంచమంతా వ్యాపించింది, ఎక్కడికైనా ఒక్కటి చేరితే చాలు కాబట్టి. దీన్ని శాస్త్రానికి పరిచయం చేసింది కూడా మన విశాఖపట్నం నమూనానే: 1796లో పాట్రిక్ రస్సెల్ తన పాముల పుస్తకంలో బొమ్మ వేసి, ఇక్కడివాళ్ళు చెప్పినట్టే "రెండు తలల పాము" అని రాసుకున్నాడు. దీని మీద ప్రయోగం పెట్టకండి. చూసి, ఫొటో తీసుకుని, అదే కుండీలో మట్టి కప్పేయండి.

డబ్బాల్లో మిగిలిన పేనుబంకల్ని మాత్రం పాదు మీద దులపొద్దు, సబ్బు నీళ్ళలో ముంచి పారేయండి. బ్రష్ కూడా అదే నీళ్ళలో కడగండి, దాని వెంట్రుకల్లో ఒక పిల్ల ఉండిపోయినా పక్కింటివాళ్ళ మిరప కుండీ దాకా వెళ్ళిపోతుంది.