కొండగొర్రె కనిపించాలంటే కొండ ఎలా ఎక్కాలి?

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్ళు ఆదివారం కొండెక్కి దిగొచ్చి "అడవిలో ఏమీ లేవండీ" అంటుంటారు. ఉన్నాయి. ఎండెక్కాక బయల్దేరి, స్పీకర్లో పాటలు పెట్టుకుని, నేరుగా శిఖరానికి పోయేవాళ్ళకి అవి కనపడవు, అంతే.

ముందు దేనికోసం వెళ్తున్నారో తెలుసుకోండి. టీవీలో చూపించే కొండమేక, అదే నీలగిరి థార్, కేరళ, తమిళనాడు కొండల్లో తప్ప ఇంకెక్కడా లేదు. మన తూర్పు కనుమల్లో వెతకాల్సింది కొండగొర్రెని, అంటే నాలుగు కొమ్ముల జింకని. భుజం దగ్గర ఎత్తు 60 సెంటీమీటర్లు, బరువు 20 కిలోలు, కాస్త అటూ ఇటూ. కొమ్ములు మగదానికే ఉంటాయి, అందులో ముందు జత బొడిపెల్లా చిన్నవి, దూరం నుంచి తెలియవు కూడా. అందుకే కొమ్ములు చూడకండి, ముందు కాళ్ళ మీద నిలువుగా దిగే నల్ల చార చూడండి. ఎర్రగా ఉండి, తోక లేపి అడుగున తెల్లదనం చూపిస్తూ పరిగెత్తి, దూరంగా పోయి మొరిగితే అది కుక్కగొర్రె.

వెళ్ళాల్సింది శివరాత్రి అయ్యాక రెండు వారాల్లోపే. అప్పటికి ఆకు రాలి చూపు ఆనుతుంది, గెడ్డలు, అంటే కొండవాగులు, ఎండి నీళ్ళు గుంటల్లోనే మిగులుతాయి, కొండగొర్రె నీటికి దూరంగా ఉండలేదు. ఆ తర్వాత ఇప్పపూలు రాలడం మొదలైతే ఎలుగుబంట్లు దిగుతాయి, పూలు ఏరడానికి కింద ఆకులు కాలుస్తారు, చైత్రం వచ్చిందంటే కోరాపుట్ వైపు పరబ్ పండగ వేటలు కూడా ఉంటాయి. శివరాత్రి రోజున మహేంద్రగిరికి (1501 మీటర్లు) గుడుల కోసం వెళ్ళండి, ఆ జనంలో జంతువుల కోసం వెతకడం దండగ.

సామాను పెద్దగా అక్కర్లేదు. రెండు లీటర్ల నీళ్ళు, అటుకులు, బెల్లం, మట్టిరంగు చొక్కా, ఒక బైనాక్యులర్. సెంటు, కొబ్బరినూనె, బీడీ వద్దు. నలుగురికి మించి వెళ్ళకూడదు, నన్నడిగితే ఇద్దరే సరి. రిజర్వ్ ఫారెస్ట్ అయితే రేంజ్ ఆఫీసులో ముందే అడిగి అనుమతి తీసుకోండి. కొండ కింద సవర ఊళ్ళోనో కోదుల ఊళ్ళోనో ఒక పెద్దమనిషిని కూలి మాట్లాడుకుని వెంటబెట్టుకోండి. ఆయన "ఈవేళ ఏనుగులు దిగాయి" అన్నారంటే మారు మాట్లాడకుండా బండి వెనక్కి తిప్పండి.

ఇక అసలు సంగతి గాలి. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

తెల్లవారుజామున కొండ మీది గాలి చల్లబడి, బరువెక్కి, నెమ్మదిగా కిందికి జారుతుంది. మీరు చీకట్లో టార్చి వేసుకుని పైకెక్కి, అక్కణ్ణుంచి కింద గెడ్డ వైపు చూద్దామనుకుంటే మీ చెమట వాసన మీకంటే ముందే కిందికి దిగిపోతుంది. నీళ్ళకి వచ్చిన జంతువు మీ కంట పడకముందే వెళ్ళిపోతుంది. కాబట్టి సూర్యోదయానికి ముందు నీటిగుంటకి కింది వైపు, ఓ 50 అడుగులు పక్కకి, బండకి వీపు ఆనించి కూర్చోండి. బండ వెనక ఉంటే తల బయటపెట్టి తొంగిచూడాల్సి వస్తుంది. ముందు కూర్చుంటే మీ ఆకారం బండలో కలిసిపోతుంది.

ఎండ తగిలాక ఇదంతా తిరగబడుతుంది. నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, తూర్పు వాలులో ముందుగా, పడమటి వాలులో చాలాసేపటికి. మారే ముందు కాసేపు గాలి ఎటూ తేలకుండా తిరుగుతూ ఉంటుంది. ఆ సమయంలో కదలకండి, ఎందుకంటే వాసన అన్ని వైపులకీ పోతుంది, మీరు లేచి నడిస్తే ఇంకా చెదురుతుంది. పొయ్యి బూడిద చిన్న గుడ్డలో మూటగట్టుకెళ్ళి, కాస్త చిటికెడు వదిలి ఎటు పోతోందో చూడండి. టాల్కం పౌడర్ వాడతారు కొందరు, ఆ వాసనే ఒక తప్పు. బూడిద వరసగా పైకే పోతోందని తేలాక అప్పుడు లేవండి, పక్కగా చుట్టు తిరిగి, వాలు పైకి చేరి, ఈసారి పైనుంచి కిందికి చూస్తూ కూర్చోండి.

ఎక్కడ కూర్చోవాలన్నది పెంటికలే చెబుతాయి. కొండగొర్రె మళ్ళీ మళ్ళీ ఒకేచోట వేస్తుంది. కుప్ప అడుగున బూడిదరంగులో పొడైపోయినవి, వాటి మీద గోధుమరంగువి, పైన తడిగా నల్లగా మెరిసేవి ఉంటే ఆ కుప్ప వాడుకలో ఉన్నట్టే. ముట్టుకోకండి, తొక్కకండి. అక్కడికి దూరంగా జరిగి కూర్చోండి. దగ్గర్లో చెదపుట్ట కొత్తగా తవ్వి, మట్టి ఇంకా తడిగా ఉంటే మాత్రం గట్టిగా మాట్లాడుకుంటూ వెనక్కి వచ్చేయండి, అది ఎలుగుబంటి పని.

కనిపించాక కూడా తొందర వద్దు. అది మిమ్మల్ని చూస్తే గడ్డిలో బిగుసుకుపోయి నిలబడుతుంది, మీరు ఒక్క అడుగు వేసినా గెంతి వెళ్ళిపోతుంది. ఫోన్ తీయకండి. చూపు నేరుగా నిలపకుండా పక్కకి పెట్టి, నెమ్మదిగా ఊపిరి తీయండి. చాలాసార్లు అదే తల దించి మేత మొదలుపెడుతుంది. మంచె కట్టించేవాళ్ళు, అటువైపు నుంచి కుర్రాళ్ళతో అదిలించేవాళ్ళు ఉన్నారు. అదిలిస్తే కనపడేది భయంతో పరిగెత్తే వీపు మాత్రమే, పైగా పాలు తాగే పిల్ల ఉంటే తల్లి నుంచి విడిపోతుంది.

తొమ్మిదిన్నర దాటితే ఇక దిగండి. ఫోటో దొరికినా చోటు పేరు ఎక్కడా పెట్టకండి, నేనూ ఇక్కడ ఏ కొండో చెప్పట్లేదు. 1972 వన్యప్రాణి చట్టంలో కొండగొర్రెని మొదటి షెడ్యూల్లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో పెట్టారు, అయినా ఉచ్చులు ఆగలేదు. దారిలో బ్రేకు వైరు ఉచ్చు కనపడితే ఫారెస్టు వాళ్ళకి చెప్పండి. దిగాక ఊళ్ళో ఆ పెద్దాయన కూలి డబ్బులు అక్కడికక్కడే ఇచ్చేసి, అందరూ దిగామని చెప్పి బయల్దేరండి, లేకపోతే సాయంత్రం మీకోసం వాళ్ళు మళ్ళీ కొండెక్కుతారు.