తుపాకీ లైసెన్సు సస్పెండైనా రద్దైనా మల్ల తెచ్చుకునుడు ఎట్ల

మన వరంగల్, ములుగు, భూపాలపల్లి, జనగాం దిక్కు తుపాకీ లైసెన్సు ఎవరికుంటదంటే ఎక్కువగ మిలిటరీల చేసి వచ్చి బ్యాంకుల కాడ గార్డు డ్యూటీ చేసేటోళ్ళకు, తాతల కాలం నాటి డబుల్ బ్యారెల్ ఇంట్ల ఉన్న పాత కుటుంబాలకు, కొంతమంది వ్యాపారస్తులకు, లీడర్లకు. ఇందుల లీడర్ లైసెన్సు పోతే ఆయన పరువు ముచ్చట, అదే బ్యాంకు గార్డుది పోతే తెల్లారి నుంచి నౌకరి లేదు, పిల్లల ఫీజులు ఆగుతయి. నేను ఇది రాసేది ముఖ్యంగ అసొంటోళ్ళ కోసమే, ఎందుకంటే నోటీసు రాంగనే భయపడి ఎవలో ఒక బ్రోకర్‌కు పైసలిచ్చి ఊకుంటున్నరు, చెయ్యాల్సిన టైంల చెయ్యాల్సిన పని చేస్తలేరు.

ముందుగాల ఒక మాట. యూట్యూబ్‌ల చూసి చాలామంది అమెరికా లెక్క ఇక్కడ గూడ తుపాకీ మన హక్కు అనుకుంటరు. అక్కడ రాజ్యాంగంలనే రాసి ఉన్నది, మల్ల రాష్ట్రానికో చట్టం, శిక్ష పడి హక్కు పోయినోళ్ళు వాపస్ తెచ్చుకునే తీరు గూడ ఒక్కో రాష్ట్రంల ఒక్కో రకం. మన దగ్గర అట్ల కాదు. ఆయుధాలు కేంద్రం జాబితాల ఉన్న సబ్జెక్టు, దేశం మొత్తానికి 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నిబంధనలు, ఇవే. తెలంగాణకు వేరే తుపాకీ చట్టం లేదు. లైసెన్సు అంటే సర్కారు ఇచ్చే పర్మిషన్, హక్కు కాదు. కాని ఇచ్చిన పర్మిషన్ తీసేసేటప్పుడు మాత్రం సర్కారు గూడ పద్ధతి ప్రకారమే పోవాలె, కారణం రాయాలె. మన బలమంతా అక్కడ్నే ఉన్నది.

నోటీసో ఆర్డరో చేతికి వచ్చిన రోజు వకీల్ కాడికి ఉరుకుడు తర్వాతి పని, ఫస్టు తుపాకీ సంగతి చూడండి. సస్పెండో రద్దో అయిన తర్వాత గూడ అది ఇంట్ల బీరువాలనే ఉంటే అది లైసెన్సు లేని తుపాకీ కింద లెక్క, ఆ కేసుకు 2019 సవరణ తర్వాత తక్కువల తక్కువ 2 ఏండ్లు, ఎక్కువ 5 ఏండ్ల జైలు. చిన్న నోటీసుతోని పోయేది పెద్ద కేసైతది. చట్టంల 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చెయ్యకుండ దగ్గర్ల ఉన్న పోలీస్ స్టేషన్ల గాని లైసెన్సున్న డీలర్ దగ్గర గాని డిపాజిట్ చెయ్యాలె, తూటాలతో సహా.

డిపాజిట్ రసీదు కాడ మాత్రం పైలం. మా బావ ఒకాయన ఆర్మీ నుంచి వచ్చి గార్డు పని చేస్తుండె, ఆయనకు స్టేషన్ల ఇచ్చిన కాయితం మీద "ఒక తుపాకీ తీసుకున్నాము" అని తప్ప ఏం లేదు, నంబర్ లేదు, బోర్ (గొట్టం సైజు) లేదు, తూటాలు ఎన్నో లేదు. వాపస్ తీస్కునే రోజు ఎంత లొల్లి అయిందో చెప్పలేను. అందుకే రసీదుల కంపెనీ పేరు, 12 బోరా ఇంకోటా, బాడీ మీద చెక్కిన నంబర్, తూటాల లెక్క, తేదీ, టైము, తీసుకున్నాయన సంతకం, స్టేషన్ ముద్ర ఇవన్నీ ఉండేటట్టు మర్యాదగ అడిగి రాయించుకోండి. ఇచ్చే ముందు నంబర్ కనపడేటట్టు ఫోన్ల ఫోటోలు తీసుకోండి. బ్యారెల్ లోపల శుభ్రంగ తుడిచి నూనె పెట్టి బట్టల చుట్టి ఇయ్యండి, మాల్‌ఖానాల (స్టేషన్ సామాన్ల గదిల) నెలల తరబడి పడి ఉంటే చిలుము పడ్తది. డీలర్ దగ్గరైతే కిరాయి అడుగుతడు గాని మంచిగ చూస్తడు, కేసు లాంగ్ అయ్యేటట్టుంటే నా సలహా డీలరే. అట్లని అక్కడ పెట్టి మర్చిపోవద్దు, గడువు దాటినా పట్టించుకోకుంటే సర్కారు నోటీసు ఇచ్చి జప్తు చేసుకోవచ్చు.

ఇగ ఆర్డర్ చదువుడు. ఎవరి సంతకంతోని వచ్చిందో చూడండి, మీ లైసెన్సు పుస్తకం మీద ఎవరి ముద్ర ఉందో సాధారణంగ వాళ్ళే లైసెన్సింగ్ అథారిటీ. తర్వాత కారణం చూడండి. 17వ సెక్షన్ కింద ఊకెనే రద్దు చేసుడు కుదరదు, లెక్కకు కొన్ని కారణాలే ఉన్నయి. మీరు చట్టప్రకారం ఆయుధం పెట్టుకోకూడని మనిషి అయ్యుండాలె, లేదా మతి స్థిమితం లేకనో ఇంకేదన్న కారణంతోనో తుపాకీకి తగరు అని వాళ్ళకు అనిపించాలె, లేదా ప్రజల శాంతి భద్రతల కోసం అవసరం అనాలె, లేదా అప్లికేషన్ల ఏదన్న దాచిపెట్టి ఉండాలె, అబద్ధం చెప్పి ఉండాలె, లేదా లైసెన్సు షరతు తప్పి ఉండాలె. పుస్తకం తెచ్చియ్యమని నోటీసిస్తే ఇయ్యకపోయినా అదే సంగతి. కారణం రాతపూర్వకంగ రికార్డు చెయ్యాలె, మీరు అడిగితే క్లుప్తంగనన్న ఇయ్యాలె, ప్రజా ప్రయోజనం దృష్ట్యా ఇయ్యం అంటే తప్ప. కారణం లేకుండ ఒక్క లైన్ల ఆర్డర్ వస్తే ఆ రోజే కారణం ఇయ్యమని దరఖాస్తు రాసి ఆఫీసుల కాయితాలు తీసుకునే ఇన్‌వర్డ్‌ల ఇచ్చి జిరాక్స్ మీద ముద్ర కొట్టించుకోండి.

మన దిక్కు లైసెన్సులు పోయేకాడ ఎక్కువమందికి తెల్వని విషయం బైండోవర్. ఎలక్షన్లు వస్తున్నయంటే, ఊర్ల పండగ కాడ లొల్లి అయిందంటే, పోలీసోళ్ళు కొంతమందిని తాసిల్దార్ ముందుకు తీస్కపోయి బాండ్ రాయిస్తరు గదా, మనోళ్ళు ఏముందిలే సంతకమే గదా అని పెట్టి వస్తరు. ఆయుధాల చట్టం 9వ సెక్షన్ల స్పష్టంగ ఉన్నది, శాంతిగ ఉంటా, మంచి నడవడితోని ఉంటా అని బాండ్ రాయాలని ఆర్డర్ అయిన మనిషి ఆ బాండ్ గడువు అయిపోయేదాక తుపాకీ పెట్టుకోకూడదు. లైసెన్సున్నోళ్ళకు అది సంతకం కాదు, నౌకరి మీదికి వచ్చేది. కాబట్టి తాసిల్దార్ ముందుకు పిలిచిన రోజే వకీల్‌ను పెట్టుకొని నాకు ఈ గొడవతోని సంబంధం లేదు అని జవాబు చెప్పే అవకాశం వాడుకోండి. ఇప్పటికే బాండ్ అయ్యుంటే గడువు ఎన్నడు అయిపోతదో ఆ ఆర్డర్ కాపీ తీస్కోండి, మామూలు శాంతి బాండ్ అయితే ఏడాది మించదు, అది అయిపోయిన తెల్లారి నుంచి ఆ అడ్డంకి పోయినట్టే, ఆ కాపీ జోడించి లైసెన్సు పునరుద్ధరించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు.

శిక్ష పడ్డోళ్ళ ముచ్చట వేరే. కొట్లాట, హింస లేదా నీతి తప్పిన నేరం కింద జైలు శిక్ష పడితే శిక్ష అయిపోయిన తర్వాత ఇంకో 5 ఏండ్లు ఆయుధం ముట్టొద్దు. ఆ 5 ఏండ్లు దాటినంక అడగొచ్చు, ఇస్తరా లేదా వాళ్ళ ఇష్టం. అప్పీల్‌ల శిక్ష కొట్టేస్తే మాత్రం సంగతి మారుతది, శిక్ష వేసిన కోర్టే లైసెన్సు గూడ రద్దు చేసి ఉంటే, శిక్ష పోయినప్పుడు ఆ రద్దు గూడ చెల్లకుండ పోతది, ఇది చట్టంలనే ఉన్నది.

ఎక్కువమందికి వచ్చేది ఇవేవీ కాదు, గట్టు పంచాదిల కేసో, భార్యాభర్తల కేసో, బండి మీద తాగి దొరికిన కేసో ఒకటి నమోదైతది, అది పోలీస్ రిపోర్టుల ఎక్కుతది, లైసెన్సు ఎందుకు రద్దు చెయ్యొద్దో చెప్పమని షోకాజ్ నోటీసు వస్తది. ఇక్కడ ధైర్యం చెడొద్దు. ఎఫ్ఐఆర్ ఉన్నంత మాత్రాన, కేసు నడుస్తున్నంత మాత్రాన లైసెన్సు రద్దు చేయరాదు, ఆ మనిషి దగ్గర తుపాకీ ఉంటే జనాలకు ప్రమాదం ఎట్లనో చూపెట్టాలె అని హైకోర్టులు చాలాసార్లు చెప్పినయి, అలహాబాద్ హైకోర్టుల అయితే దీని మీద తీర్పులు మస్తు ఉన్నయి, వకీల్‌ను వెతికి జోడించమనండి.

షోకాజ్‌కు జవాబు మీ చేతుల్ల ఉన్న అసలు ఆయుధం. గడువు లోపల ఇయ్యండి, టైం సరిపోకుంటే గడువు పెంచమని రాసి ఇయ్యండి, ఊకోవద్దు. జవాబుల ఏడ్పులు, పొగడ్తలు వద్దు. కేసు నంబర్, ఏ స్టేషన్, ఏ సెక్షన్లు, ఇప్పుడు ఏ స్టేజ్‌ల ఉన్నది, ఆ గొడవల తుపాకీ బయటకు గూడ రాలేదన్న సంగతి, లైసెన్సు వచ్చినకాడ నుంచి ఒక్క ఫిర్యాదు లేదన్న సంగతి, ఇప్పటికే తుపాకీ డిపాజిట్ చేసిన అని రసీదు కాపీ, బ్యాంకు నుంచో ఏజెన్సీ నుంచో డ్యూటీ లెటర్, మిలిటరీ డిశ్చార్జ్ పుస్తకంల నడవడి గురించి రాసిన పేజీ. చివర్ల "నన్ను పిలిచి నా మాట స్వయంగా వినాలని కోరుతున్నాను" అని తప్పకుండ రాయండి. ఇంకో కేసు ఏదన్న ఉంటే అది గూడ మీరే చెప్పండి, దాస్తే దాచినందుకే రద్దు చేస్తరు, దానికి ఏ కోర్టుల గూడ జవాబు దొరకది. కేసు కొట్టేసినా, లోక్ అదాలత్‌ల రాజీ అయినా తీర్పు ధ్రువీకరించిన కాపీ తీస్కోండి, కోర్టు ఒప్పుకున్న రాజీ అంటే చట్టం లెక్కల నిర్దోషి అన్నట్టే, మన పోలీస్ రికార్డుల మాత్రం అది తనంత తానే మారది, మీరు కాపీ పట్టుకపోయి స్టేషన్ల గూడ ఇచ్చి రావాలె.

ఇంత చేసినా రద్దు ఆర్డర్ వస్తే అప్పీల్‌కు 30 రోజులు. మన రాష్ట్రంల డివిజనల్ కమిషనర్లు లేరు కాబట్టి కలెక్టర్ ఆర్డరైనా, పోలీస్ కమిషనర్ ఆర్డరైనా అప్పీల్ హైదరాబాద్ సెక్రటేరియట్‌ల హోం శాఖకు పోతది. ఆర్డర్ కాపీ, కారణాలు, మీ షోకాజ్ జవాబు, ఫీజు జోడించాలె. 30 రోజులు దాటితే ఎందుకు లేటైందో గట్టి కారణం కాయితాలతో చూపెడితే తీసుకుంటరు, దవాఖాన్ల ఉంటే డిశ్చార్జ్ సమ్మరీ పెట్టండి. అప్పీల్ వేసినంత మాత్రాన రద్దు ఆగదు, ఆపమని విడిగ అడగాలె, వాళ్ళు ఆర్డర్ ఇస్తేనే ఆగుతది, అంతదాక తుపాకీ డిపాజిట్‌లనే. మీ మాట వినకుండ అప్పీల్ తేల్చొద్దని గూడ చట్టంల ఉన్నది. రద్దు చేసింది సర్కారే అయితే, లేదా సర్కారు చెప్పంగ చేసింది అయితే అప్పీల్ లేదు, సీదా హైకోర్టుల రిట్. నోటీసు ఇయ్యకుండ, కారణం రాయకుండ చేసిన ఆర్డర్లను కోర్టులు కొట్టేసి మల్ల విచారించమని వాపస్ పంపుతుంటయి, అట్ల వాపస్ వచ్చినప్పుడు గూడ మీ షోకాజ్ జవాబు గట్టిగ లేకుంటే మల్ల అదే ఆర్డర్ వస్తది.

ఎలక్షన్ టైంల డిపాజిట్ చెయ్యమంటే అది రద్దు కాదు, గాబరా వద్దు. రిజల్ట్ వచ్చిన వారం తర్వాత వాపస్ ఇస్తరు. బ్యాంకు గార్డులకు సాధారణంగ మినహాయింపు ఉంటది, బ్యాంకు లెటర్ పట్టుకొని, ఎవరి తుపాకీ డిపాజిట్ చెయ్యాల్నో చూసే స్క్రీనింగ్ కమిటీకి ముందుగాల్నే దరఖాస్తు పెట్టుకోండి.

నాయిన చనిపోయి ఆయన తుపాకీ ఇంట్ల ఉన్నోళ్ళు గూడ దినాలు అయిపోయేదాక ఆగకుండ డిపాజిట్ చేసి, వారసుల కింద లైసెన్సుకు అప్లై చెయ్యాలె, మిగతా వారసులకు అభ్యంతరం లేదని రాయించుకోవాలె. 70 ఏండ్లు నిండినోళ్ళు, లేకుంటే అదే తుపాకీ 25 ఏండ్ల సంది ఉన్నోళ్ళు బతికుండంగనే వారసుని పేరు మీదికి మార్పించొచ్చు, ఇది చాలామందికి తెల్వదు.

ఏటూరునాగారం, మహదేవపూర్ అడవి పక్క రైతులకు ఒక మాట. అడవి పందులు మక్క చేను నాశనం చేస్తుంటే కడుపు మండుడు సహజమే, కాని తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన జంతువును కాల్చే పర్మిషన్ ఉన్నట్టు కాదు, దానికి 1972 వన్యప్రాణి చట్టం కింద అటవీ శాఖ దిక్కు నుంచి వేరే అనుమతి కావాలె. నాటు తుపాకీ ఇంట్ల పెట్టుకునుడైతే అసలే వద్దు, కరెంటు తీగలు అంతకన్న వద్దు, మనుషులు సచ్చిపోతున్నరు.

లైసెన్సు పునరుద్ధరించిన ఆర్డర్ వచ్చినంక దాని ఒరిజినల్, డిపాజిట్ రసీదు పట్టుకపోయి నంబర్ కలిపి చూసుకొని తుపాకీ తీస్కోండి, తూటాల లెక్క అక్కడ్నే చూసుకోండి. పుస్తకంల ఎంట్రీ వేయించుకోండి, యూఐఎన్ (లైసెన్సుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు) నంబర్ ఉందా, అడ్రస్ ఇప్పటిదేనా చూసుకోండి, మిలిటరీల ఉన్నప్పుడు వేరే రాష్ట్రంల తీసుకున్న లైసెన్సైతే ఇది ఇంకా ముఖ్యం. గడువు ఇప్పుడు 5 ఏండ్లు, ఈ కేసుల తిరుగుతుంటే అది గూడ దగ్గర పడి ఉంటది, రెన్యువల్ రెండు నెలల ముందే పెట్టి, పెట్టినట్టు రసీదు బ్యాంకుల ఒక కాపీ ఇయ్యండి.