అజెరాటం పాఠం 3: పువ్వు తిప్పి అడుగు చూడండి

పోయిన పాఠం తర్వాత మీరు పంపిన ఫొటోలు చూసి, ఈసారి చెప్పాలనుకున్న గింజల సంగతి వాయిదా వేశాను. అజెరాటం అనే మొక్కల్లో రెండు జాతుల్ని గుర్తుపట్టడంలో దాదాపు అందరూ ఒకేచోట తడబడ్డారు. పువ్వు తెల్లగా ఉంటే పోకబంతి, అంటే అజెరాటం కోనిజాయిడిస్ అనీ, నీలంగా ఉంటే అజెరాటం హ్యూస్టోనియానం అనీ రాసేశారు.

రంగుతో ఈ రెండూ తేలవండీ. పోకబంతి తెల్లగానూ పూస్తుంది, లేత ఊదాగానూ పూస్తుంది. తోటల్లో పెంచే హ్యూస్టోనియానంలో తెల్లపూల రకాలూ ఉన్నాయి. పైగా మీరు చూస్తున్నది రేకుల రంగు కాదు. బంతికీ చామంతికీ ఉన్నట్టు చుట్టూ రేకులు అజెరాటానికి ఉండవు, అన్నీ సన్నటి గొట్టాల్లాంటి బుల్లి పువ్వులే, ఒక్కోదాంట్లోంచి కీలం, అంటే అండాశయం మీది సన్నటి కాడ, రెండు పాయలై దారాల్లా బయటికి సాగుతుంది, దూరం నుంచి కంటికి ఆనేది ఎక్కువగా ఆ దారాల రంగే. వాడితే అది గోధుమరంగుకి తిరుగుతుంది, ఫోన్ కెమెరా ఊదాని నీలంగా చూపిస్తుంది. దయచేసి ఇక రంగు రాసి పంపకండి.

ఆకు మొదలు హృదయాకారంలో ఉంటే హ్యూస్టోనియానం అని నేనే చెప్పాను. అది నిజమే, కానీ పోకబంతి ఆకు మొదలు ఒక్కోసారి గుండ్రంగా ఉండి తికమక పెడుతుంది. అందుకని శీర్షాన్ని, అంటే ఆ బుల్లి పువ్వుల గుత్తిని, తిప్పి అడుగున పుచ్ఛాలు, అంటే గుత్తిని చుట్టి ఉండే చిన్న ఆకుల్లాంటివి, చూడండి. పోకబంతి పుచ్ఛం అక్కడక్కడా ఓ వెంట్రుక తప్ప నున్నగా ఉంటుంది, పైభాగంలో అంచు సన్నగా చిరిగినట్టుండి కొస ఒక్కసారిగా సూదిలా మారుతుంది. హ్యూస్టోనియానం పుచ్ఛం మెల్లగా సన్నబడుతూ పోతుంది, అంచు చిరగదు, ఒళ్లంతా నూగు, ఆ నూగులో కొన్ని వెంట్రుకల కొసన జిగురు బొట్లు. పది రెట్ల లెన్స్ చాలు. నేనైతే లెన్స్ తీయకముందే శీర్షం అడుగుని రెండు వేళ్లతో నొక్కి వదులుతా, బంకగా తగిలితే హ్యూస్టోనియానమే అనుకుని అప్పుడు లెన్స్ పెడతా. మంచు ఆరాకే చేయండి.

శీర్షం వెడల్పుని బట్టి తేల్చొచ్చా అని అడిగారు. హ్యూస్టోనియానానిది కాస్త పెద్దదే, కానీ కొలతల మీద నాకు నమ్మకం లేదు.

అభ్యాసం: పది మొక్కల నుంచి రెండేసి శీర్షాలు కోసి, ఏది ఏ మొక్కదో వాళ్లకే తెలిసేలా ఇంట్లో ఎవరిచేతైనా తెల్లకాగితం మీద బోర్లా పెట్టించండి. పుచ్ఛాలు మాత్రమే చూసి రెండు కుప్పలు చేయండి, అన్నీ ఒకే కుప్పలో పడినా పర్వాలేదు. ఒకే మొక్క శీర్షాలు వేర్వేరు కుప్పల్లో పడితే మాత్రం మళ్లీ మొదటి నుంచి చేయండి.